తిరుపతి, చిత్తూరు ఇళ్లలో కలాథియా పెంపకం: తరచుగా అడిగే ప్రశ్నలు

కలాథియా అంటే అసలు ఏ మొక్క? కొన్ని నర్సరీల్లో గోపెర్టియా అంటున్నారు, రెండూ ఒకటేనా?

కుండీల్లో మనకు దొరికేవి దాదాపు అన్నీ ఒకటే. అడ్డచారలు, ఈకల్లాంటి గీతలు, ఆకు వెనక వంగపండు రంగు ఉన్న మొక్కలు ఇవి. మరాంటేసీ కుటుంబానికి చెందినవి. సొంత ఊరు బ్రెజిల్, బొలీవియా, ఈక్వడార్ లాంటి దేశాల అడవుల్లో పెద్ద చెట్ల నీడ. 2012లో శాస్త్రవేత్తలు కలాథియా ప్రజాతిలోని చాలా మొక్కలను గోపెర్టియా ప్రజాతిలోకి మార్చారు. వ్యాపారంలో మాత్రం పాత పేరే నిలిచింది. నర్సరీకి వెళ్లి కలాథియా అనే అడగండి.

మన ఎండలకు ఇది బతుకుతుందా?

బతుకుతుంది. కానీ మనీప్లాంట్‌ను చూసినట్టు చూస్తే బతకదు. దీనికి హాయిగా ఉండేది 18 నుంచి 28 డిగ్రీల మధ్య. మే నెలలో తిరుపతిలో బయట 40 దాటినా ఇంట్లో మధ్య గది 32, 33 దగ్గరే ఉంటుంది. ఆ వేడిని ఇది తట్టుకుంటుంది, ఎదగడం మాత్రం ఆపేస్తుంది. వేడి కంటే దీన్ని ఎక్కువగా దెబ్బతీసేవి ఇంకో రెండున్నాయి: బోరు నీళ్లలోని లవణాలు, ఎండాకాలపు పొడి గాలి. వీటిని సరిచేసుకుంటే మిగతాది పెద్ద కష్టం కాదు.

మదనపల్లె, హార్స్‌లీ హిల్స్ వైపు వాళ్లకు ఎండాకాలం సులువు, చలికాలం కష్టం. డిసెంబరు, జనవరి రాత్రుల్లో 15 డిగ్రీల కంటే దిగితే ఆకులు వాలిపోతాయి. ఆ రెండు నెలలు కిటికీకి దూరంగా, గది లోపలి గోడ పక్కన పెట్టండి.

మొదటిసారి కొనేవాళ్లు ఏ రకం తీసుకోవాలి?

లాన్సిఫోలియా. పొడవాటి అలల అంచు ఆకులు, పైన ముదురు ఆకుపచ్చ చుక్కలు ఉంటాయి. నర్సరీల్లో రాటిల్‌స్నేక్ అని కూడా అంటారు. కలాథియాల్లో దీనికున్నంత ఓర్పు మరో దానికి లేదు. దాని తర్వాత ఓర్బిఫోలియా, మకోయానా. రోజియోపిక్టా రకాలు, అంటే మెడాలియన్, డాటీ లాంటివి ఒక ఏడాది అనుభవం వచ్చాక తెచ్చుకోండి.

గులాబీ గీతల ఓర్నాటా, తెల్ల మచ్చల వైట్ ఫ్యూజన్ చూడగానే మనసు పడిపోతుంది. కానీ వాటిని తేమ పట్టి ఉండే గాజు అలమర లేకుండా తిరుపతిలో పెట్టుకోవద్దు. వైట్ ఫ్యూజన్ ఆకులో తెల్లగా ఉన్న చోట పత్రహరితం ఉండదు. ముందుగా మాడేది ఆ భాగమే.

నర్సరీలో ఏం చూసి కొనాలి?

మన దగ్గరికి వచ్చే మొక్కలు ఎక్కువగా బెంగళూరు, కడియం వైపు నుంచి వస్తాయి. నీడ వలల కింద, నిండు తేమలో పెరిగి, రాత్రంతా లారీలో ఊగి దిగుతాయి. అందుకే దిగిన రోజే కొనకండి. నర్సరీలో ఒక వారం నిలబడినదాన్ని తీసుకోండి.

ఆకు తిప్పి చూడండి. వెనక వైపు నరాల పక్కన సన్నని దుమ్ములాంటి చుక్కలు, కాడ మొదట్లో బూజులాంటి దారాలు ఉంటే వదిలేయండి. మధ్యలో చుట్టగా లేచి వస్తున్న కొత్త ఆకు కనీసం ఒకటైనా ఉండాలి. ఉంటే కింద వేర్లు పని చేస్తున్నట్టే. పెద్ద ఆకులు పది ఉండి కొత్త చుట్ట ఒక్కటీ లేని మొక్క కంటే, ఆకులు ఐదే ఉన్నా రెండు చుట్టలు ఉన్నదే మేలు.

ఇంటికి తెచ్చాక వెంటనే కుండీ మార్చకండి. రెండు, మూడు వారాలు అదే కుండీలో, మిగతా మొక్కలకు దూరంగా ఉంచండి. ఒకటి రెండు పాత ఆకులు పసుపు పడితే కంగారు వద్దు.

ఆకు అంచులు గోధుమరంగులోకి మారి, కరకరలాడుతూ ఎండిపోతున్నాయి. నీళ్లు ఇంకా ఎక్కువ పోయాలా?

వద్దు. ఎక్కువ మంది పొరపాటు పడేది ఇక్కడే. అంచు ఎండింది కాబట్టి దాహంగా ఉందనుకుని రోజూ పోస్తారు. వేర్లకు గాలి ఆడక కుళ్లుతాయి. కుళ్లిన వేరు నీళ్లు లాగలేదు కాబట్టి ఆకు ఇంకా ఎండుతుంది. అది చూసి ఇంకో చెంబు పోస్తారు. నెల తిరిగేలోగా మొక్క పోతుంది.

అంచు మాడటానికి కారణం కనుక్కోవాలంటే మచ్చ ఎక్కడ, ఎలా మొదలైందో చూడాలి.

కొసన మొదలై, అంచు పొడవునా సన్నని గీతలా పాకి, ఆ మాడిన భాగానికీ ఆకుపచ్చకూ మధ్య పసుపు గీత ఉంటే అది లవణాలు, ఫ్లోరైడ్ పని. వేరు పీల్చిన నీళ్లు ఆకు నుంచి ఆవిరవుతాయి. నీళ్లు పోతాయి, ఉప్పు కొసల్లో, అంచుల్లో మిగిలిపోతుంది. పాత ఆకుల్లో ఇది ఎక్కువగా ఉంటుంది.

కొత్త ఆకులే విచ్చుకుంటూ అంచులు చిరిగి, ముడతలు పడి వస్తుంటే గాలిలో తేమ చాలడం లేదు.

అంచు కాకుండా ఆకు మధ్యలో, కిటికీ వైపున్న భాగంలో పాలిపోయిన మచ్చ పడి కాగితంలా పలచబడితే ఎండ తగిలింది.

కింది ఆకులు మొత్తంగా పసుపు పడి, కాడ మెత్తబడి, కుండీ బరువుగా ఉంటే వేర్లు కుళ్లుతున్నాయి.

మాడిన అంచు మళ్లీ పచ్చబడదు. కత్తెరతో ఆకు ఆకారానికి తగ్గట్టు కత్తిరించండి. కత్తిరించేటప్పుడు గోధుమరంగు అంచు వెంట్రుకవాసి మిగిల్చండి. పచ్చటి భాగాన్ని కోస్తే అక్కడి నుంచి మళ్లీ మాడుతుంది. సరిచేసిన పని ఫలించిందా లేదా అన్నది తర్వాత వచ్చే రెండు ఆకుల్లో తెలుస్తుంది, పాతవాటిలో కాదు.

మా బోరు నీళ్లు పోయవచ్చా?

ముందు నీళ్లలో కరిగిన లవణాలను చూపే టీడీఎస్ మీటరుతో కొలవండి. చిన్న పెన్ను సైజు మీటరు తక్కువ ధరకే దొరుకుతుంది. 150 పీపీఎం లోపు ఉంటే నిశ్చింతగా పోయండి. 150 నుంచి 300 మధ్య ఉంటే లాన్సిఫోలియా సర్దుకుంటుంది, మిగతావాటి కొసలు కొద్దిగా మాడతాయి. 300 దాటితే ఏ కలాథియాకూ పోయవద్దు. మన వైపు చాలా బోర్లు ఈ గీత దాటే ఉంటాయి. బకెట్టు అంచున తెల్లని పొర కడుతుంటే మీటరు లేకపోయినా సంగతి తెలిసిపోతుంది. చిత్తూరు వైపు కొన్ని ఊళ్ల బోర్లలో ఫ్లోరైడ్ కూడా ఉంది. దాన్ని టీడీఎస్ మీటరు విడిగా చూపించదు.

నీళ్లు మరిగించి చల్లార్చితే లవణాలు పోవు. నీళ్లు ఆవిరై ఉన్న ఉప్పు ఇంకా చిక్కబడుతుంది. రాత్రంతా బకెట్లో ఉంచితే క్లోరిన్ కొంత పోతుంది, ఫ్లోరైడ్ పోదు, ఉప్పూ పోదు.

పనికొచ్చే దారులు మూడు.

అన్నిటికంటే మంచివి వాన నీళ్లు. మనకు ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బాగా పడతాయి. మిద్దె మీద మొదటి పది నిమిషాల వాన వదిలేసి, తర్వాతి నీళ్లు పట్టండి. ఆరు అంగుళాల కుండీలు మూడు ఉంటే వారానికి సుమారు 2 లీటర్లు చాలు. 100 లీటర్ల డ్రమ్ము నిండితే ఇంచుమించు ఏడాది గడుస్తుంది. డ్రమ్ము వెలుగు తగలని చోట ఉండాలి, మూతి మీద గుడ్డ కట్టి పైన మూత పెట్టాలి. లేకపోతే ముందు పెరిగేవి దోమలే.

రెండోది ఇంట్లో తాగే ఆర్వో నీళ్లు. తాగే గొట్టంలోవే పోయండి. పక్క గొట్టంలోంచి వృథాగా పోయే నీళ్లలో లవణాలు బోరు నీళ్ల కంటే ఎక్కువ. వృథా ఎందుకని వాటిని ఈ మొక్కకు పోస్తే అంతే సంగతులు.

మూడోది ఏసీ నుంచి కారే నీళ్లు. వీటిలో లవణాలు దాదాపు ఉండవు. ఏసీ ఫిల్టర్లు, కాయిల్ శుభ్రంగా ఉంటేనే, ఆ రోజు పట్టినవి ఆ రోజే వాడండి. ఎప్పుడూ అవే కాకుండా ఆర్వో నీళ్లతో సగం సగం కలపడం మంచిది.

ఎన్ని రోజులకొకసారి పోయాలి?

రోజుల లెక్క పెట్టుకోకండి. మే నెలలో మూడు రోజులకే ఆరే కుండీ, నవంబరు ముసురులో పది రోజులైనా ఆరదు. చూపుడు వేలు మొదటి కణుపు దాకా, అంటే అంగుళం లోతు గుచ్చండి. వేలికి తడి తగులుతూ మట్టి అంటుకుంటే ఆగండి. పొడిగా ఉండి, కుండీ ఎత్తితే తేలిగ్గా అనిపిస్తే పోయండి. నాలుగైదు సార్లు ఎత్తి చూశాక చేతికే బరువు తెలిసిపోతుంది, వేలు పెట్టే పని కూడా ఉండదు.

పోసేటప్పుడు కొసరి కొసరి పోయవద్దు. ఆరు అంగుళాల కుండీకి 300 నుంచి 350 మిల్లీలీటర్లు, చుట్టూ తిప్పుతూ నిదానంగా, కింది రంధ్రాల్లోంచి కొంత బయటికి వచ్చేదాకా పోయండి. పావుగంట తర్వాత పళ్లెంలో మిగిలింది పారబోయండి. ఫ్రిజ్ నీళ్లు వద్దు, మధ్యాహ్నం మిద్దె మీది ట్యాంకు నుంచి వచ్చే వేడి నీళ్లూ వద్దు.

ఇంట్లో ఎక్కడ పెట్టాలి?

తూర్పు కిటికీకి నాలుగైదు అడుగుల దూరం, లేదా ఉత్తరం కిటికీ పక్కన. వెలుగు ఉండాలి, ఎండ తగలకూడదు. ఫోనులో వెలుగును లక్స్‌లలో కొలిచే యాప్ పెట్టుకుని పగలు పదకొండు గంటలప్పుడు ఆకు దగ్గర చూడండి. 2,000 నుంచి 5,000 మధ్య ఉంటే బాగా ఎదుగుతుంది. 500 కంటే తక్కువైతే గీతలు మసకబారి, కాడలు సాగిపోతాయి.

ఉత్తరం కిటికీ గురించి ఒక మాట. ఉత్తరంలో ఎండ రాదని అందరూ రాస్తారు, ఆ మాట మన ఊరికి ఏడాది పొడవునా చెల్లదు. తిరుపతి భూమధ్యరేఖకు 13 డిగ్రీల పైచిలుకు ఉత్తరాన ఉంది. ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు మూడో వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు మన నెత్తి మీద నుంచి కాస్త ఉత్తరానికే ఉంటాడు. ఆ నెలల్లో ఉత్తరం కిటికీలోంచి ఉదయం, సాయంత్రం ఏటవాలుగా ఎండ పడుతుంది. మార్చి దాకా బాగున్న మొక్కకు మేలో హఠాత్తుగా మచ్చలు పడితే కారణం ఇదే. ఆ నాలుగు నెలలు పలచని తెల్ల తెర వేయండి, లేదా కుండీని రెండడుగులు లోపలికి జరపండి. డిసెంబరులో దక్షిణం కిటికీలోంచి ఎండ గది లోపలి దాకా వస్తుంది, అదీ గుర్తుంచుకోండి.

మిద్దె మీద నీడ వల కింద పెడితే? జూలై నుంచి ఫిబ్రవరి దాకా 75 శాతం నీడనిచ్చే వల కింద పెట్టవచ్చు. మార్చి నుంచి వద్దు, ఆ వడగాలి ఒక్క మధ్యాహ్నంలో ఆకులన్నీ కాల్చేస్తుంది. పూజగదిలో దీపం పక్కన, వంటింటి పొయ్యి పక్కన కూడా పెట్టకండి. నూనె మసి ఆకు మీద జిగటగా పట్టుకుంటుంది.

రోజుకు నాలుగుసార్లు ఆకుల మీద నీళ్లు చిలకరిస్తున్నాం. అయినా అంచులు మాడుతున్నాయి, ఎందుకు?

చిలకరించిన తేమ గాలిలో నిలిచేది కొద్ది నిమిషాలే. ఫ్యాన్ తిరుగుతుంటే అంత కూడా నిలవదు. పైగా ఆ నీళ్లు బోరువైతే ప్రతి చుక్కా ఆరి ఆకు మీద తెల్ల మచ్చ వేస్తుంది. రాత్రి తడిసిన ఆకు మీద బూజు మచ్చలు కూడా వస్తాయి.

ముందు గాలిలో తేమను కొలిచే చిన్న హైగ్రోమీటరు ఒకటి కొని మొక్క పక్కన పెట్టండి. 60 శాతం పైన ఉంటే మంచిది, 50 దాకా ఫరవాలేదు, 40 కంటే తగ్గితే అంచులు మాడతాయి. అంకె తెలిశాకే ఏం చేయాలో నిర్ణయించుకోవచ్చు.

ఎండాకాలంలో మనకు మంచి సాధనం గడ్డి పెట్టిన ఎయిర్ కూలర్. అది గాలిని చల్లబరుస్తూనే తేమను పెంచుతుంది. కూలరున్న గదిలో, దాని గాలి నేరుగా తగలకుండా ఆరేడు అడుగుల పక్కగా మొక్కను ఉంచండి. ఏసీ దీనికి సరిగ్గా వ్యతిరేకం, తేమను లాగేస్తుంది. ఏసీ గదిలోనే పెట్టక తప్పదంటే గాలిలోకి తేమ వదిలే హ్యూమిడిఫయరు కావాలి. అందులో ఆర్వో నీళ్లే పోయండి. బోరు నీళ్లు పోస్తే సామాన్లన్నిటి మీదా తెల్లని పొడి పేరుకుంటుంది.

నాలుగైదు మొక్కలను దగ్గరగా చేర్చి పెడితే వాటి మధ్య తేమ కొద్దిగా పెరుగుతుంది. గులకరాళ్ల పళ్లెం ఇచ్చేది చాలా తక్కువ, దాని మీద ఆధారపడకండి. పాత గాజు షోకేసు ఉంటే దానంత పనికొచ్చేది ఇంకొకటి లేదు. అడుగున తడి కొబ్బరి పొట్టు పరిచి, తలుపు వేలెడంత తెరిచి ఉంచితే 70 శాతం సులువుగా నిలుస్తుంది.

చీకటి పడగానే ఆకులు నిలువుగా లేస్తున్నాయి. జబ్బా?

కాదు, ఆరోగ్యానికి గుర్తు. ఆకు మొదలయ్యే చోట కాడకు చిన్న ఉబ్బు కనిపిస్తుంది, వేలితో తడిమితే కణుపులా తగులుతుంది. ఆ ఉబ్బులో ఒక పక్క కణాల్లోకి నీళ్లు చేరి, ఇంకో పక్క తగ్గడం వల్ల ఆకు లేస్తుంది, తెల్లవారాక వాలుతుంది. చేతులు జోడించినట్టు ఉంటాయి కాబట్టే వీటిని ప్రేయర్ ప్లాంట్లు అంటారు. పగలు కూడా లేచే ఉండి, అంచులు లోపలికి చుట్టుకుంటే మాత్రం పట్టించుకోండి. వేళ్లకు నీళ్లు చాలకపోయి ఉండాలి, లేదా వెలుగు ఎక్కువైంది.

మట్టి మిశ్రమం ఎలా కలపాలి?

మన ఎర్రమన్ను వద్దు. కుండీలో నాలుగుసార్లు తడిసి ఆరితే గట్టిపడి వేళ్లను నొక్కేస్తుంది. ఏదైనా ఒక డబ్బాను కొలతగా పెట్టుకుని ఇలా కలపండి: కొబ్బరి పొట్టు 4 పాళ్లు, పెర్లైట్ (తెల్లని, తేలికైన గుల్ల రాయి) 2 పాళ్లు, అర అంగుళం కొబ్బరి పీచు ముక్కలు 2 పాళ్లు, జల్లించిన వర్మీకంపోస్టు 1 పాలు, చిదిపిన కట్టెబొగ్గు 1 పాలు. పెర్లైట్ దొరక్కపోతే శనగగింజంత ఇటుక ముక్కలు, దుమ్ము కడిగేసి వాడండి.

కొబ్బరి పొట్టును కడగకుండా వాడవద్దు. పొట్టును నొక్కి ఇటుకల్లా అమ్ముతారు, చాలా పొట్టు ఇటుకల్లో సోడియం, పొటాషియం లవణాలు ఉంటాయి. నీళ్ల సంగతి అంతా సరిచేసుకుని, ఉప్పు పొట్టులో నాటితే ఫలితం ఉండదు. 650 గ్రాముల పొట్టు ఇటుకను బకెట్ నీళ్లలో నానబెట్టి, గుడ్డలో వేసి పిండండి. మూడుసార్లు చేయండి, చివరిసారి ఆర్వో నీళ్లతో. పిండిన నీళ్లలో మీటరు పెడితే 300 లోపు చూపాలి. తర్వాత 10 నుంచి 15 గ్రాముల కాల్షియం నైట్రేట్ కలిపిన నీళ్లలో రాత్రంతా ఉంచి, ఉదయం ఒకసారి కడిగితే పొట్టు పట్టుకున్న సోడియం కూడా వదులుతుంది. టమాటా రైతులు డ్రిప్పులో వదిలేది ఇదే, ఏ ఎరువుల కొట్లోనైనా ఉంటుంది.

కుండీ ఎప్పుడు మార్చాలి? పిలకలు ఎలా విడదీయాలి?

ఫిబ్రవరిలో, లేదా ఎండలు తగ్గిన జూలైలో. ఏప్రిల్, మేలలో వేళ్లు కదపవద్దు. కింది రంధ్రాల్లోంచి వేళ్లు వస్తుంటేనే మార్చండి, కొత్త కుండీ పాతదాని కంటే అంగుళం, అంగుళంన్నర వెడల్పు ఉంటే చాలు. మరీ పెద్ద కుండీలో వేళ్లు లేని చోట తడి నిలిచిపోతుంది.

వేళ్ల ముద్ద మధ్యలో చిన్న వల బుట్ట ఉందేమో చూడండి. టిష్యూ కల్చర్ మొక్కలను, అంటే ప్రయోగశాలలో కణజాలం నుంచి పెంచినవాటిని, చిన్నప్పుడు అందులోనే నాటి, అలాగే పెద్ద కుండీలోకి మార్చేస్తారు. వల తీయగలిగితే కత్తెరతో కత్తిరించి తీయండి, వేళ్లు మరీ అల్లుకుపోయి ఉంటే రెండు మూడు చోట్ల చీల్చి వదిలేయండి.

ఆకు ముక్కతోనో కాడతోనో కలాథియా రాదు. భూమిలో ఉండే దుంప నుంచి విడదీయాల్సిందే. ముద్దను నీళ్లలో నానబెట్టి, చేత్తో నిదానంగా విప్పండి. ప్రతి భాగానికీ సొంత వేళ్లు, కనీసం మూడు ఆకులు ఉండాలి. నాటాక పారదర్శక పాలిథిన్ సంచి కప్పి, రెండు మూడు వారాలు నీడలో ఉంచండి, రోజూ కాసేపు తీసి గాలి ఆడనివ్వండి.

ఎరువు ఏమిటి, ఎంత?

19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉన్న) నీటిలో కరిగే ఎరువు, లీటరుకు అర గ్రాము, నెలకొకసారి, జూలై నుంచి ఫిబ్రవరి దాకా. తడి ఉన్న మట్టికే పోయాలి. ఎండాకాలం నడిమధ్యలో వేయవద్దు. సూపర్ ఫాస్ఫేట్ అసలే వద్దు, అందులో ఫ్లోరైడ్ ఉంటుంది. రెండు నెలలకొకసారి కుండీ పరిమాణానికి మూడింతలు ఆర్వో నీళ్లు లేదా వాన నీళ్లు పోసి, పేరుకున్న లవణాలు దిగిపోయేలా కడగండి.

ఆకుల మీద సూదితో గుచ్చినట్టు సన్నని పాలిన చుక్కలు. ఏమిటవి?

ఎర్రనల్లి. పొడి వేడిలో వారం, పది రోజులకే ఒక తరం పూర్తవుతుంది కాబట్టి మార్చి నుంచి జూన్ దాకా వారానికొకసారి చూడాల్సిందే. ఆకు కింద తెల్ల కాగితం పట్టి తట్టండి. రాలిన దుమ్ములో చుక్కలు కదిలితే, వేలితో రుద్దినప్పుడు గీత పడితే నల్లి ఉన్నట్టే.

మొదట కుండీ మట్టిని పాలిథిన్ కవరుతో కట్టి, మొక్కను పక్కకు వంచి, ఆకు వెనక అరచేయి ఆనించి కుళాయి ధారతో కడగండి. సగం నల్లి అక్కడే పోతుంది. ఆరాక సాయంత్రం లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, 2 మిల్లీలీటర్ల సబ్బు ద్రావణం బాగా గిలకొట్టి, ఆకు వెనక తడిసేలా పిచికారీ చేయండి. ముందు ఒక ఆకు మీద వేసి రెండు రోజులు చూడండి. ముఖమల్‌లా నూగు ఉన్న ఆకులకు నూనె పడదు, వాటికి కడగడమే మందు. గుడ్లన్నిటినీ ఇది చంపదు కాబట్టి ఐదు రోజుల ఎడంతో మూడుసార్లు చేయాలి. రెండోసారికే ఆపేసినవాళ్లకు నల్లి తిరిగి వస్తుంది. పొలాలకు కొట్టే నల్లి మందులు పడుకునే గదుల్లో వాడవద్దు.

మట్టి మీద చిన్న నల్ల ఈగలు లేస్తుంటే నీళ్లు ఎక్కువయ్యాయి. పై అంగుళం ఆరనిచ్చి, పసుపు జిగురు అట్ట పెట్టండి.

వేళ్లు కుళ్లిన మొక్క బతుకుతుందా?

దుంప గట్టిగా ఉంటే బతికే అవకాశం ఉంది. కుండీలోంచి తీసి కడగండి. మంచి వేరు తెల్లగా, లేత గోధుమరంగులో గట్టిగా ఉంటుంది. కుళ్లింది నల్లబడి, లాగితే పై తొడుగు ఊడి లోపలి దారం మిగులుతుంది. నల్లవన్నీ కత్తిరించండి. ఆకుల్లో సగం తీసేయండి, మిగిలిన వేళ్లు అంతకంటే ఎక్కువ మోయలేవు. చిన్న కుండీలో, వర్మీకంపోస్టు లేని మిశ్రమంలో నాటి, సంచి కప్పండి. కొత్త చుట్ట కనిపించేదాకా ఎరువు వద్దు.

పిల్లి, కుక్క, చిన్న పిల్లలు ఉన్న ఇంట్లో పెట్టవచ్చా?

పెట్టవచ్చు. కలాథియా విషపు మొక్క కాదు.

వేసవి సెలవులకు పది రోజులు ఊరెళ్తున్నాం. ఎలా?

బయల్దేరే రోజు ఉదయం నిండుగా నీళ్లు పోసి, పళ్లెం ఖాళీ చేయండి. కిటికీ నుంచి దూరంగా, స్నానాల గదిలో వెంటిలేటరు వెలుగు పడే చోట పెట్టి, పెద్ద పారదర్శక కవరు కప్పి పైన రెండు చిల్లులు పెట్టండి. ఆకులు కవరుకు ఆనకుండా నాలుగు పుల్లలు గుచ్చండి. మే నెలలో కూడా పది పన్నెండు రోజులు నిలుస్తుంది. పక్కింటివాళ్లకు అప్పగిస్తే, కవరు తీయవద్దని, నీళ్లు పోయవద్దని కాగితం మీద రాసి కుండీకి అంటించి వెళ్లండి. ప్రేమ కొద్దీ రోజూ పోసేస్తారు.